కుడి చెవి దుద్దు

పోయిన వారం భాగంలో మిమ్మల్ని టౌన్ హాల్లో చీకట్లో కూర్చోబెట్టి నా దారిన నేను వెళ్ళిపోయాను. కోపం వచ్చే ఉంటుంది. మేయరు ఎన్నికకి నిలబడ్డ ఇద్దరూ వేదిక మీద ఉన్నారు, ఊరు ఊరంతా కింద ఉంది. మా అక్కకి పోటీగా నిలబడ్డ మందుల షాపాయన మంచి ఊపు మీద మాట్లాడుతుండగా దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. మళ్ళీ వెలిగేసరికి ఆయన కాగితాల మీద మంచినీళ్ళ గ్లాసు బోర్లా పడి ఉంది. వేదిక పక్క గోడకున్న లైట్ల బోర్డు దగ్గర, స్టూలు మీద మా బావ కొయ్యబారిపోయి ఉన్నాడు. చెయ్యి ఇంకా స్విచ్చి మీదే ఉంది. ఆ హాల్లో లైట్లు చూసుకునే ఉద్యోగం ఆయనది. ఆయన పెళ్ళామేమో పోటీలో ఉన్న మనిషి. జనం ఏమనుకున్నారో నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

నిజానికి జరిగింది చాలా చిన్న సంగతి. వేదిక మీద కూర్చున్న మా అక్క, ఎవరి ధ్యాసా తన మీద లేనప్పుడు, కుడి చెవి దుద్దు తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

మా అక్కకి మైగ్రేన్ ఉంది. మా ఇంట్లో ఆ పేరు పలకం, "చుట్టం" అంటాం. పిలవకుండా వస్తుంది, వచ్చాక రోజంతా తినేస్తుంది, పొమ్మంటే పోదు. ముందు కంటి చివర వంకర టింకర గీతలు మెరుస్తాయట. ఆ తర్వాత కుడి కన్ను వెనక ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టు మొదలవుతుంది. అప్పుడు చెవికున్న దుద్దు బరువు కూడా భరించలేదు. అందుకని కుడిది తీసేస్తుంది, కాసేపటికి ఎడమది. ఆ బోసి చెవి కనిపిస్తే చాలు, మా ఇల్లు మారిపోతుంది. బావ లైట్లార్పి తెరలు దించుతాడు. కింద నా దర్జీ షాపులో నేను మిషను ఆపేస్తాను. అక్క అత్తగారు ఫోనులో మాట్లాడితే అవతలివాళ్ళకి ఫోను లేకపోయినా వినపడుతుంది. అంతటావిడ కూడా చేతి సైగల్లోకి దిగిపోతుంది. ఎవరూ ఎవరికీ చెప్పరు. చూడగానే చేతులు వాటంతటవే పనిచేస్తాయి. ఆ సాయంత్రం హాల్లో మా బావ చెయ్యి చేసింది కూడా అదే. అది ఇల్లు కాదని ఆ చేతికి ఎవరు చెప్తారు.

ఇప్పుడు వచ్చిన చిక్కు చూడండి. బావ తప్పు చెయ్యలేదని నిరూపించాలంటే అక్క తలనొప్పి సంగతి బయటపెట్టాలి. అది బయటపడితే ఎన్నిక ఏమవుతుందో తెలీదు. బయటపెట్టకపోతే బావ ఉద్యోగం పోతుంది, దాంతో పాటు మంచి పేరు కూడా. మర్నాడు సాయంత్రం సభ మళ్ళీ కూర్చుంటుంది, అక్కడే సంజాయిషీ చెప్పమని హాలు కమిటీ కబురు చేసింది.

ఆ మర్నాటి పొద్దున నేను మెట్లెక్కి పైకి వెళ్ళేసరికి బావ అద్దం ముందు నిలబడి తన మొహానికి తానే చెప్పుకుంటున్నాడు.

"చెయ్యి జారిందండి. పొరపాటున జారింది."

"అలా నసగకు," అంది అత్తయ్య మంచం మీద నుంచి. "గట్టిగా చెప్పు. నిజం చెప్పేవాడు నసగడు."

"నిజం కాదు కదమ్మా."

"అందుకే గట్టిగా చెప్పమంటున్నాను."

వంటింటి బల్ల దగ్గర అక్క రెండు చేతులతో టీ కప్పు పట్టుకుని కూర్చుంది. చుట్టం వెళ్ళిన మర్నాడు అక్క మొహం ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంటుంది. బోలెడు బస్సులనీ డ్రైవర్లనీ కంటిచూపుతో నడిపించిన డిపో మేనేజరు ఈవిడేనా అనిపిస్తుంది. అలాంటప్పుడు నాకు దగ్గరికెళ్ళి తల నిమరాలనిపిస్తుంది. నిమిరితే తిడుతుంది. అందుకని ఎదురుగా కూర్చున్నాను.

"ఏవండీ," అంది అక్క. "ఆ హాల్లో చేరినప్పట్నుంచీ ఎప్పుడైనా మీ చెయ్యి జారిందా?"

బావ అద్దంలోంచే చూశాడు. "లేదు."

"మరి ఆ మాట మీ నోట్లోంచి ఎలా వస్తుంది? దేశంలో ఎవడి చెయ్యి జారినా మీది జారదని మీరే కదా కోతలు కోస్తారు."

"ఉద్యోగం పోతే పోనీండి మేనేజరు గారూ. మీరు మేయరైతే నేను ఇంట్లో లైట్లు చూసుకుంటాను. ఆ పని ఎలాగూ బాగా వచ్చు నాకు."

పెళ్ళయిన దగ్గర్నుంచీ బావ అక్కని అలాగే పిలుస్తాడు, అక్క ఇంకా మేనేజరు కాకముందు నుంచీ. ఆ పిలుపు విన్నప్పుడల్లా అక్క పెదవి చివర ఒక నవ్వు వచ్చి పోతుంది. ఇవాళ రాలేదు.

అప్పుడు తలుపు చప్పుడైంది. మా ఇంటికి కాలింగ్ బెల్ లేదు, ఎప్పుడో పీకేశాం. వచ్చినవాళ్ళు ఆ సంగతి తెలియక దబదబా బాదుతారు. ఈ చప్పుడు మాత్రం వేలి కొసలతో, ఉందో లేదో అన్నట్టు వచ్చింది. మా ఇంట్లోవాళ్ళు కొట్టే తీరది. అందరం లోపలే ఉన్నాం మరి. నేను వెళ్ళి తీస్తే ఎదురుగా మందుల షాపాయన. అంత లావు మనిషీ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"చెల్లెమ్మ లేచిందా?" అన్నాడు గొంతు తగ్గించి.

ఎన్నికల్లో ఎదురెదురుగా నిలబడ్డా వాళ్ళిద్దరూ అన్నయ్యగారూ చెల్లెమ్మా అనుకోవడం మానలేదు. వేదిక మీద కూడా "మా చెల్లెమ్మ చెప్పేది శుద్ధ తప్పు" అనే మొదలుపెడతాడు. నాకు మాత్రం ఆ పొద్దున ఆయన మీద పీకల దాకా కోపం ఉంది. దారికి అడ్డంగా నిలబడి, "కంప్లెయింటు రాసుకుని తెచ్చారా?" అన్నాను.

"రాస్తామన్నారు మావాళ్ళు. నేను ఆపాను."

"ఎందుకాపారో?"

"చెల్లెమ్మ దుద్దు తీయడం నేనూ చూశాను కాబట్టి," అన్నాడాయన.

అక్క కప్పు కింద పెట్టింది. బావ మాత్రం చప్పుడు లేకుండా ఒక కుర్చీ లాగి ఆయన ముందు పెట్టాడు.

"మీకెలా తెలుసు అన్నయ్యగారూ?"

"మీ చెల్లెల్ని అడగమ్మా. ఎండా వానా లేని రోజున గొడుగు అడ్డం పెట్టుకుని నా షాపు దాటిపోతుంది. నా దగ్గర కొంటే తెలిసిపోతుందని ఊరి చివరి షాపులో మాత్రలు కొంటుంది. ఆ షాపు మా బావమరిదిది."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అంత దూరం నడిచి నడిచి ఎన్ని చెప్పులు అరగదీశానో నాకే తెలుసు.

"పోనీలే, మీ ఒక్కరికే కదా తెలిసింది," అన్నాను.

ఆయన నావైపు జాలిగా చూశాడు. "నీ మిషను చప్పుడు ఆగిన రోజున ఐసు బండతను మీ ఇంటి ముందు గంట కొట్టడు, చూడలేదా? పక్కింటాయన మోటారు సైకిలు సందు చివరిదాకా తోసుకెళ్ళి అక్కడ స్టార్టు చేస్తాడు. ఆయనకి బండి చెడిపోయిందనుకున్నావా?"

నిజంగా అలాగే అనుకున్నాను. బాగుచేయించుకోమని సలహా కూడా ఇచ్చాను.

అత్తయ్య మంచం దిగి నెమ్మదిగా వంటింట్లోకి వచ్చి, "వీధి వీధంతటికీ తెలిస్తే మరి ఇన్నేళ్ళూ నేను సైగలు చేసింది ఎవరి కోసం?" అంది.

"నా కోసం అత్తయ్యా," అంది అక్క.

అత్తయ్య వచ్చి అక్క పక్కన కూర్చుని, కప్పులో చల్లారిపోయిన టీ తనే తాగేసింది. ఆవిడ ప్రేమ అలాగే ఉంటుంది.

"మాటొకటి అడగాలని వచ్చాను," అన్నాడు షాపాయన. "పోటీ కోసం కాదు. గెలిచేది నువ్వయితే నేనూ నీ ఊళ్ళోనే బతకాలి కదా. ఏదైనా ముంచుకొచ్చిన రోజున, చెప్పాల్సిన మనిషి చీకటి గదిలో ఉంటే ఎలాగమ్మా?"

"నువ్వు రోజూ మధ్యాహ్నం షాపు మూసి గురక పెట్టి పడుకుంటావే, అప్పుడు ముంచుకొస్తే ఎలాగ బాబూ?" అంది అత్తయ్య. "ఆ గురక ఇక్కడిదాకా వినిపిస్తుంది."

"నన్ను లేపితే లేస్తానండి."

"దీన్ని లేపితే లేవదని నీకెవరు చెప్పారు?"

"అత్తయ్యా, ఆయన్ని అడగనివ్వండి," అంది అక్క. "ఆయన అడిగింది తప్పు కాదు. ఓటేసేవాళ్ళు అడగాల్సిన మాటే."

షాపాయన ఇబ్బందిగా కదిలాడు. "నిన్ను అడగాల్సిన పని లేదేమో అని కూడా అనిపిస్తుందనుకో. వరద రోజున నువ్వు డిపోలో ఎలా నిలబడ్డావో ఊరంతా చెప్పుకుంటుంది. పల్లపు వీధులన్నిట్లోకీ బస్సులు పంపించి ఒక్కరూ మునిగిపోకుండా గట్టెక్కించావు. తలనొప్పి ఉన్న మనిషే ఆ పని చేసిందని తెలిస్తే జనం ఇంకా మెచ్చుకుంటారు. అదే చెప్పు సాయంత్రం. మీ ఆయన బయటపడతాడు, నీకూ మంచిదే. నేను ఓడిపోతానేమో, పోనీ."

ఎంత మంచి మాట. నాకు ఆయన మీద కోపం మంచులా కరిగిపోయింది. వరద మాట ఊళ్ళో ప్రతి గోడ మీదా ఉంది. మా మేడ మీంచి వేలాడుతున్న పెద్ద గుడ్డ బ్యానరు నేనే కుట్టాను, "వరదలో నిలబడ్డ మనిషి" అని ఒక్కో అక్షరం ఎర్రగుడ్డతో కత్తిరించి. ఇకనేం, గట్టెక్కేశాం అనుకుని బావ వైపు చూశాను. బావ మొహం వెలిగిపోతోంది.

అక్క మాత్రం బల్ల మీంచి చూపు ఎత్తలేదు.

"ఆ రోజు నేను నిలబడలేదు అన్నయ్యగారూ," అంది. "పడుకున్నాను."

షాపాయనకి అర్థం కాలేదు. మాకూ కాలేదు.

"పాత టైర్లు పడేసే గది ఉంటుంది డిపో వెనక. కిటికీ ఉండదు. నీళ్ళు గేటు దాకా వస్తుండగా చుట్టం దిగింది. కళ్ళ ముందు బస్సు నంబర్లు సగం కనిపించడం లేదు, సగం రెండేసి కనిపిస్తున్నాయి. తప్పు బండిని తప్పు వీధికి పంపిస్తానని భయమేసింది. నా కింద ఒక అసిస్టెంటు ఉండేది. చిన్న పిల్ల. దాన్ని నా కుర్చీలో కూర్చోబెట్టి నేను టైర్ల గదిలోకి పోయాను. మొహం మీద టార్పాలిన్ కప్పుకుని ఆ రబ్బరు వాసనకి వాంతులు చేసుకుంటూ పడి ఉన్నాను. బస్సులు పంపించింది అది. డ్రైవర్లు మొరాయిస్తే బతిమాలింది అది. గొంతు పోయేదాకా అరిచింది అది."

"ఆ పిల్లకి పని నేర్పింది నువ్వే కదా," అన్నాడు బావ మెల్లగా. మేనేజరు గారూ అనడం మర్చిపోయాడు.

"నేర్పాను. నేను పడిపోయే రోజు ఒకటి వస్తుందని తెలుసు కాబట్టి కుర్చీలో కూర్చున్న మొదటి నెల నుంచే నాకొచ్చిందంతా నేర్పాను. అంతవరకు నాది. ఆ మాట గర్వంగానే చెప్తాను. నీళ్ళు తీశాక, తలనొప్పీ తగ్గాక, బయటికొచ్చాను. పెద్దవాళ్ళంతా వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. ఫోటో తీశారు. ఇంకా చినుకులు పడుతున్నాయి. ఆ ఫోటోలో నాకు గొడుగు పట్టుకుని నిలబడింది ఎవరనుకున్నారు?"

ఆ ఫోటో మా ముందు గదిలోనే ఉంది. గొడుగు పట్టుకున్న పిల్ల మొహం సగమే పడింది. ఇన్నాళ్ళూ రోజూ దుమ్ము తుడుస్తూ కూడా ఎవరా పిల్ల అని నేను అడగలేదు.

"ఆ తర్వాత కొన్నాళ్ళకి అదే అడిగి వేరే డిపోకి వెళ్ళిపోయింది. మళ్ళీ నాతో మాట్లాడలేదు."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు బావ.

"నేను ఇంటికొచ్చేసరికే మీరు వీధిలో అందరికీ చెప్పేశారు. మర్నాటికి ఫోటోకి ఫ్రేము కట్టించి గోడకి కొట్టేశారు. అంత సంబరంగా ఉన్న మనిషికి ఏమని చెప్పను?"

బావ వెళ్ళి అక్క కుర్చీ వెనక నిలబడ్డాడు. భుజం మీద చెయ్యి వేశాడు. మా అక్క అంటే నాకు చాలా ఇష్టం. ఆ నిమిషంలో కొంచెం కోపం కూడా వచ్చింది. ఆ పిల్లకి నా ఎర్రక్షరాల్లో ఒక్కటి కూడా రాలేదు కదా అనిపించింది.

షాపాయన కుర్చీలో ముందుకి వంగాడు. "తలనొప్పి ఉందని నేనైతే నీకు ఓటు మానను చెల్లెమ్మా. అది ఒంటికి సంబంధించిన సంగతి. ఇది అలాంటిది కాదు."

"తెలుసు."

"నా నోట్లోంచి మాత్రం రాదు. చెప్తావో మానతావో నీ ఇష్టం." లేచి, చెప్పులు మళ్ళీ చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయాడు. అంత అవసరం లేకపోయినా చప్పుడు కాకుండా దిగాడు.

"బ్యానరు దించెయ్యనా?" అని అడిగాను.

"ఊరికి నేను చెప్పాక దించు," అంది అక్క.

మధ్యాహ్నమంతా మా ముందు గదిలో రిహార్సలు. అక్క మేము కూర్చున్న సోఫా వైపు తిరిగి నిలబడి, "నాకు చుట్టం వచ్చినప్పుడు ఇదిగో ఇలా తీసేస్తాను" అంటూ ఎడమ దుద్దు తీసి చూపించేది. కుడిది ఊరికే తీయడానికి చెయ్యి రాదట, తీస్తే నిజంగానే వచ్చేస్తుందేమోనని భయమట. ఎడమ దుద్దు తీసినప్పుడల్లా అత్తయ్య అలవాటుకొద్దీ గొంతు తగ్గించేసి, మళ్ళీ తనే నాలుక కరుచుకునేది.

సాయంత్రం హాలు నిన్నటికన్నా కిటకిటలాడింది. తమాషా ఉంటుందని తెలిస్తే జనం ఇంట్లో కూర్చుంటారా. బావని బోర్డు దగ్గరికి రానివ్వలేదు. ఆయన స్టూలు గోడ పక్కన ఖాళీగా ఉంది. లైట్లన్నీ పూర్తిగా వేసి వదిలేశారు, మళ్ళీ ఎవరైనా ఆర్పుతారేమోనని కసిగా వేసినట్టు. మొదటి వరుసలో నాకూ అత్తయ్యకీ మధ్య కూర్చున్న బావ, రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

సభ నడిపే పెద్దాయన గొంతు సవరించుకుని సంజాయిషీ చెప్పమన్నాడు. బావ లేవబోతే అక్క వేదిక మీంచే చెయ్యెత్తి ఆపి తనే మైకు ముందుకొచ్చింది.

"మా ఆయన చెయ్యి జారలేదు," అంది. "ఆయన చెయ్యి ఎప్పుడూ జారదు. నాకు మైగ్రేన్ ఉంది. అది మొదలైతే దుద్దు తీసేస్తాను. నా చెవి బోసిగా కనిపిస్తే మా ఇంట్లో ఎవరైనా సరే లైటు ఆర్పేస్తారు. పాపం, నిన్న ఆయన ఇంట్లో ఉన్నాననుకున్నాడు."

ముందు ఎక్కడో ఒక నవ్వు వినిపించింది, తర్వాత హాలంతా నవ్వింది. వెక్కిరింపు కాదది. ఎవరో ఆడమనిషి "అదృష్టవంతురాలివమ్మా" అంది, పక్కనున్న మొగుణ్ణి పొడుస్తూ. బావ చెవులు ఎర్రబడ్డాయి. సభ పెద్దాయన కూడా నవ్వాపుకుంటూ, అయితే ఆ సంగతి ముగిసినట్టేనన్నాడు. అక్క అక్కడితో కూర్చోవచ్చు. బావ ఉద్యోగం నిలిచింది, జనం మెత్తబడ్డారు, వరద మాట ఎవరూ ఎత్తలేదు. కూర్చుంటుందేమో అని నేను ఒక్క క్షణం ఆశపడ్డాను, చెప్పడానికి సిగ్గేస్తోంది.

అక్క కూర్చోలేదు. మైకు మీద చెయ్యి వేసి, "ఇంకొకటుంది" అంది.

సరిగ్గా అప్పుడే వెనక వరుసలోంచి ఒకావిడ లేచింది. "నాదొక ప్రశ్న మేడమ్. వరద లాంటి రోజున ఆ తలనొప్పి వస్తే ఏం చేస్తారు?"

చిన్న వయసే. ఒంటి మీద డిపో వాళ్ళు వేసుకునే నీలం చొక్కా. నేను మెడ తిప్పి చూశాను. మొహం సగం మాత్రమే తెలిసినట్టనిపించింది, మిగతా సగం ఎప్పుడూ చూడలేదు.

మళ్ళీ వేదిక వైపు తిరిగేసరికి అక్క చెయ్యి చెవి మీద ఉంది. దుద్దు తీస్తోంది. ఎలా తీస్తుందో చూపిస్తోందనుకుని జనం మళ్ళీ నవ్వారు. అత్తయ్య నవ్వలేదు, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అక్క తీస్తున్నది కుడి చెవిది.

బావ తొడల కింద నుంచి చేతులు తీయలేదు. తీస్తే ఏం చేస్తాయో ఆయనకే నమ్మకం లేదు. ఆ లైట్ల కింద అక్క కళ్ళు చికిలిస్తూ, ప్రశ్న అడిగిన మనిషి ఎక్కడుందా అని వెతుకుతోంది.

అప్పుడు వేదికకి అవతలి చివర్న కుర్చీ కిర్రుమంది. మందుల షాపాయన లేచాడు. ఎవరి అనుమతీ అడక్కుండా వేదిక మెట్లు దిగి, ఖాళీ స్టూలు పక్కన బోర్డు ముందు నిలబడ్డాడు. అన్ని స్విచ్చులు చూసేసరికి ఆయనకి తికమకైంది. తలతిప్పి మా బావ వైపు చూశాడు. బావ తొడ కింద నుంచి ఒక్క చెయ్యి తీసి, రెండు వేళ్ళు చూపించాడు. అది మా ఇంటి సైగ కాదు, అయినా ఆయనకి తెలిసింది. రెండో స్విచ్చి నొక్కగానే వేదిక మీద వెలుగు మెత్తగా తగ్గిపోయింది.

హాల్లో గుసగుసలు కూడా ఆగిపోయాయి. ఆ మసక వెలుగులో అక్క మైకుని కొంచెం దూరం జరిపి, చుట్టం వచ్చినప్పుడు మాట్లాడే చిన్న గొంతుతో చెప్పింది.

"వచ్చింది. ఇప్పుడే వచ్చింది. ఆ ప్రశ్న అడిగినావిడకి జవాబు నాకన్నా బాగా తెలుసు. అయినా నేనే చెప్పాలి."

వెనక వరుసలోంచి ఆ నీలం చొక్కా బయటికొచ్చి, కుర్చీల మధ్య దారిలో వేదిక వైపు నడవడం మొదలుపెట్టింది.